ల్యాబ్ గుమ్మంలో మజ్జిగ నిషేధం

మొన్న బరోడాలో మా అమ్మాయికి నెలలు నిండకుండానే కొడుకు పుట్టాడు. రక్తంలో ఇన్ఫెక్షను జాడ చెప్పే ప్రోటీను, అదే సి.ఆర్.పి., ఎంతుందో సాయంత్రానికల్లా తన సెల్లుకే వస్తుందని అల్లుడు ఫోనులో చెబుతుంటే, చేతిలోని మజ్జిగ గ్లాసు పక్కన పెట్టేశాను. మావారు వింతగా చూశారు.

తొంభైల్లో నేను సూరత్‌లో, ఉధ్నా వైపు ఒక పిల్లల ఆస్పత్రిలో కొత్తగా చేరిన ల్యాబ్ టెక్నీషియన్ని. మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఈ పరీక్షకు అంకెలు లేవు. నల్లటి గాజుపలక మీద సీరం చుక్క వేసి, పాలలాంటి మందు కలిపి, అటూ ఇటూ ఊపుతూ చూడాలి. పలుకులు కట్టిందా, బిడ్డకు ఇన్ఫెక్షను ఉన్నట్టు. మరమగ్గాల మీద పనిచేసే తెలంగాణ వాళ్ళ పాప, గుప్పెడంత పిల్ల, గాజుపెట్టెలో ఉండేది. మొదటిసారి పలుకులు కట్టాయి, ఇంజెక్షన్లు మొదలయ్యాయి. రెండో పరీక్ష బాగుంటేనే గండం గడిచినట్టని డాక్టరుగారు అంటే, భాష తెలిసినదాన్ని కదా, పలక మీది చుక్క పాలు విరిగినట్టు విరగకూడదని పాప నాయనమ్మకు వివరించి నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాటికల్లా వాళ్ళింట్లో చింతపండూ పెరుగూ బంద్. ఆవిడ ల్యాబ్ గుమ్మంలో బైఠాయించి అందరి టిఫిన్ డబ్బాలూ వాసన చూడసాగింది. నా పెరుగన్నం బెంచీ కిందికి పోయింది. ఆ పాలు వేరు, ఈ మందు వేరు అని మొత్తుకుంటే, “గది సుక్కకు తెలుస్తదా బిడ్డా? జర ఓపిక పట్టు, ఇరగకుంటే నేనే పులిహోర చేసి పెడ్త” అంది. ఛాస్, అదే మజ్జిగ, లేనిదే ముద్ద దిగని మా గుజరాతీ డాక్టరుగారి గ్లాసు కూడా “ఆజ్ నక్కో సాబ్” అంటూ లాక్కుంటే, ఆయన తన జలుబు గురించే అనుకుని బుద్ధిగా మంచినీళ్ళు తాగారు.

ఇంత చదువుకుని, ఆ రెండో పరీక్ష రోజు పలక ముట్టుకునే ముందు నేనూ నోరు పుక్కిలించుకున్నాను. మందు కలిపి పలకను అటూ ఇటూ ఊపాను. చుక్క పాలలాగే ఉండిపోయింది. ఆవిడ తొంగిచూసి, నా తల మీద చెయ్యి వేసి ఏడ్చింది. తరవాత ఆవిడ తెచ్చిన పులిహోరకు సగం ఆస్పత్రికి పళ్ళు పులిశాయి.

ఇప్పుడు యంత్రం ఎవరి మజ్జిగకూ వెరవకుండా అంకె చెబుతుంది. మంచిదే. కానీ ఆ చుక్క మీద కళ్ళు పెట్టి ఊపిరి బిగబట్టే మనిషి అవసరం లేకుండా పోయిందని కాస్త బెంగ. భయం లేదని అల్లుడి ఫోను వచ్చేదాకా నేను ఆ గ్లాసు ముట్టలేదు. అప్పటికి మజ్జిగ బాగా పులిసిపోయింది. తాగేసి, ఇంకో గ్లాసు అడిగాను.