మైకు గదిలో పసుపు గౌను పాప

ఆమె గుసగుసలాడినా పక్క వీధికి వినిపిస్తుందని అందరూ నవ్వుకునేవారు. అందులో ఆమె తప్పేం లేదు. తండ్రికి బ్రహ్మచెవుడు. ఆ ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా గొంతు చించుకోవాల్సిందే. అక్కచెల్లెళ్ళందరిలో ఈమెదే పెద్ద గొంతు కావడంతో తండ్రికి చెప్పాల్సిన కబుర్లన్నీ ఈమె చేతే చెప్పించేవారు. పెద్దక్కకి వచ్చిన సంబంధం నచ్చలేదన్న సంగతి కూడా అలాగే చెప్పింది. తండ్రి కంటే ముందు, వీధి చివర ఉండే పెళ్ళికొడుకు మేనమామ విన్నాడు.

ఆ గొంతే తర్వాత కూడు పెట్టింది. బస్టాండులో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చుని, ఏ బస్సు ఎక్కడికి వెళ్తుందో మైకులో చెప్పే ఉద్యోగం దొరికింది. కొన్నాళ్ళకి ఊరు ఆమె అసలు పేరు మర్చిపోయి మైకమ్మ అనడం మొదలుపెట్టింది. కట్టుకున్నవాడు దర్జీ, నోట్లో నాలుక లేని మనిషి. పనిలో ఉన్నంతసేపూ పెదాల మధ్య గుండుసూదులుంటాయి కాబట్టి మాట్లాడడం ప్రమాదమని ఆయన వాదన. "మా ఇంట్లో ఇద్దరి వాటా నేనే మాట్లాడతాను" అనేది మైకమ్మ. ఒక్కతే కూతురు, నర్సు కోర్సు చదువుతోంది.

కోతలు అయిపోయాక ఏటా ఊరి బయట చేలల్లో కోతల సంబరం జరిగేది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా పిల్లాపాపల్ని వేసుకుని వచ్చేవారు. రంగులరాట్నం, గోనెసంచుల పరుగు, ఎవరి గుమ్మడికాయ ఎక్కువ బరువుందో చూసే పోటీ, పశువుల ప్రదర్శన, పలుగూ పారల దగ్గర్నుంచి పూసల దండల దాకా అమ్మే దుకాణాలు. సంబరానికి పెద్ద విత్తనాల కొట్టాయన. ప్రెసిడెంటు గారు అని పిలిస్తే గానీ పలికేవాడు కాదు. మైకు పని మాత్రం ఎప్పుడూ మైకమ్మదే. తప్పిపోయిన పిల్లల్ని ఆమె దగ్గరికే తెచ్చేవారు. పసిపిల్లలు ఎంత ఏడుస్తున్నా ఆ గొంతు విని నోరు తెరిచి ఆగిపోయేవారు.

మైకు గది అంటే మిగతా రోజుల్లో ఎరువుల బస్తాలు వేసుకునే రేకుల గది. ఎంత ఊడ్చినా ఆ ఘాటు పోయేది కాదు. ఒక బల్ల, దాని మీద ఎర్ర దీపం వెలిగే యాంప్లిఫయర్, గోడవారగా పిల్లలు కూర్చునే బెంచీ, బిస్కెట్ల డబ్బా. తలుపు ఒక్కటే. కిటికీకి రెక్కలు లేవు, బయటి గోల అంతా లోపలికొచ్చి పడుతుంది.

ఒక ఏడు సంబరం మొదలైనప్పటి నుంచీ ఆమెకి మనసు మనసులో లేదు. పొద్దున్నుంచీ ఎండుగాలి, దుమ్ము. పశువుల్ని ఎంత అదిలించినా బరిలోకి రాలేదు. రంగులరాట్నం మధ్యలో ఆగిపోయి, పైనున్న పిల్లలు కేకలు పెట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఏదో జరగబోతున్నట్టే ఉంది.

మధ్యాహ్నం ఎండ వాలుతుండగా తలెత్తి చూసేసరికి బెంచీ మీద ఒక పాప కూర్చుని ఉంది. నాలుగైదేళ్ళుంటాయి. పసుపు గౌను, రెండు పిలకలు. ఎవరు తెచ్చారో, ఎప్పుడు వచ్చిందో మైకమ్మ చూడలేదు. చూడగానే అలవాటు కొద్దీ మైకు అందుకుంది.

"పసుపు రంగు గౌను వేసుకున్న చిన్నపాప మైకు గదిలో క్షేమంగా ఉంది. పాప తాలూకు వాళ్ళు వెంటనే రావాలి."

తర్వాత బిస్కెట్టు చేతిలో పెట్టి, "ఏడవలేదే! బంగారు తల్లివి. పేరేంటమ్మా?" అంది.

పాప బిస్కెట్టు తీసుకుంది గానీ తినలేదు. "నా పేరు ఎవరికీ చెప్పొద్దంది అమ్మ. నేనిక్కడున్నానని మైకులో చెప్పొద్దని కూడా అంది."

మైకమ్మ మైకు వైపు చూసింది. "మరి ఇందాకే చెప్పొచ్చుగా తల్లీ!"

"నువ్వు అడగలేదుగా."

"అమ్మేదీ?"

"తెలీదు. ఇక్కడే కూర్చోమంది. నీ గొంతు వినిపిస్తున్నంతసేపూ భయం లేదంది."

పేరు చెప్పకపోతేనేం, మైకమ్మ గౌను రంగు చెప్పేసింది. అన్న మాటని వెనక్కి లాక్కోవడానికి అదేమన్నా తాడా?

ఎంతోసేపు పట్టలేదు. తలుపు దగ్గర నీడ పడింది. శుభ్రమైన తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల, భుజానికి గుడ్డసంచి. పక్కనే ప్రెసిడెంటు గారు.

"ఇదిగోనమ్మా, పాప నాన్నగారు. మన దగ్గరే విత్తనాలు కొంటారు. చాలా మర్యాదస్తులు" అన్నాడు ప్రెసిడెంటు గారు.

"అయ్యో, మీకు ఎంత శ్రమ ఇచ్చామమ్మా!" అన్నాడు ఆ మనిషి. మెత్తటి గొంతు, నూనె రాసినట్టు. "రా నాన్నా, పోదాం."

బిడ్డ దొరికిన తండ్రుల్ని మైకమ్మ చాలామందిని చూసింది. ఒకడు తిడతాడు, ఒకడు ఏడుస్తాడు, ఒకడు చెప్పు ఎక్కడో వదిలేసి పరిగెత్తుకొస్తాడు. ఇతనికి రొప్పు కూడా లేదు. పాప వైపు ఒక్కసారే చూశాడు. ఆ తర్వాత అతని కళ్ళు కిటికీ బయట జనంలో ఎవరినో వెతుకుతున్నాయి.

పాప బెంచీ దిగింది. తండ్రి దగ్గరికి పోలేదు. బల్ల కిందికి దూరి మైకు వైరు పట్టుకుని కూర్చుంది.

"ఈయనెవరమ్మా?" అడిగింది మైకమ్మ వంగి.

"నాన్న" అంది పాప. గొంతులో ప్రాణం లేదు.

ఇంకేం మిగిలింది? తండ్రే. అబద్ధం లేదు. కాదనడానికి ఆమెకి ఏ హక్కూ లేదు. అయినా నోరు తనంతట తనే కదిలింది. "ఎవరు దింపి వెళ్ళారో వాళ్ళకే అప్పగించాలి బాబూ. ఇక్కడ అదే పద్ధతి."

"అలాంటి పద్ధతి ఎప్పుడు పెట్టాం?" అన్నాడు ప్రెసిడెంటు గారు.

"ఈ ఏడే పెట్టాం. మీరు మర్చిపోయారు."

ప్రెసిడెంటు గారు తను మర్చిపోయానని ఒప్పుకోలేడు, గుర్తుందనీ అనలేడు. గుమ్మడికాయల తూకం వేళయిందంటూ వెళ్ళిపోయాడు.

ఆ మనిషి కోప్పడలేదు. కుర్చీ లాక్కుని తలుపుకి అడ్డంగా కూర్చున్నాడు. సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మంచిదేనమ్మా. నాకూ మా ఆవిడతోనే పని. పొద్దున చెప్పకుండా బయల్దేరింది. వెతుకుతున్నాను. ఒక్క సాయం చేయండి. పాప తల్లి వెంటనే మైకు గది దగ్గరికి రావాలని చెప్పండి. పిలిస్తే వస్తుంది, పాపంటే ప్రాణం." కాస్త ఆగి నవ్వాడు. "నేనిక్కడున్నానని మాత్రం చెప్పకండి. చూసి ఆశ్చర్యపోవాలి."

బల్ల కింద పాప ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. ఇతను వచ్చింది బిడ్డ కోసం కాదు. బిడ్డ ఎర. అసలు వల తల్లి కోసం. తను పిలిస్తే ఆ పిచ్చితల్లి పరిగెత్తుకుంటూ వచ్చి ఈ గుమ్మంలోనే పడుతుంది.

చెప్పనంటే? తలుపుకి అడ్డంగా అతనే ఉన్నాడు. కేకేస్తే? రంగులరాట్నం మోతలో కేకకీ సరదాకీ తేడా ఎవరికి తెలుస్తుంది?

మైకమ్మ మైకు అందుకుంది. బస్టాండులో రోజూ చెప్పే గొంతుతోనే, ఎక్కడా తడబడకుండా చెప్పింది.

"పసుపు గౌను పాప తల్లికి గమనిక. పాప క్షేమంగా ఉంది. పాప తండ్రి వచ్చారు. మైకు గదిలో, తలుపు దగ్గరే కూర్చుని మీ కోసం ఎదురుచూస్తున్నారు. మరోసారి. పాప తండ్రి మైకు గదిలోనే ఉన్నారు."

మాట చేలన్నీ తిరిగి, దూరంగా ఎక్కడో కొట్టుకుని వెనక్కి వచ్చింది.

అతని ముఖంలో నవ్వు చెక్కుచెదరలేదు. కళ్ళు మాత్రం మొదటిసారి ఆమె మీద నిలిచాయి. "చెప్పొద్దన్నానుగా అమ్మా" అన్నాడు, ఇంకా మెత్తగా.

"అలవాటు బాబూ. ఉన్నదున్నట్టు చెప్పేస్తాను."

"మీకు పిల్లలున్నారా?"

"లేరు" అంది మైకమ్మ. అంత తేలిగ్గా అబద్ధం ఎలా వచ్చిందో ఆమెకే తెలీలేదు.

"మీ ఇల్లు ఎక్కడ?"

గాలికి రేకులు టపటపలాడుతున్నాయి. అతను సంచి మూతి ముడి విప్పి, మళ్ళీ వేసి, మళ్ళీ విప్పాడు. లోపల ఏదో బరువైనది కదిలిన చప్పుడైంది.

అంతలో గుమ్మంలో దర్జీ నిలబడ్డాడు. గోనెసంచుల పరుగులో చిరిగిన సంచులు కుట్టే పని ఆయనది. మెళ్ళో టేపు, చేతిలో కత్తెర. పెళ్ళాం మైకులో ఎవరో తండ్రి ఎక్కడ కూర్చున్నాడో రెండుసార్లు ఎందుకు చెప్పిందో ఆయనకి అర్థం కాలేదు. ఆమె గొంతు మాత్రం బాగోలేదనిపించింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ గొంతులో ఏ పోగు ఎక్కడ లాగుతోందో ఆయనకి తెలుసు.

"ఏం కావాలి?" అన్నాడు ఆ మనిషి.

దర్జీ లోపలికి రాలేదు, పక్కకీ జరగలేదు. గోడకి కొట్టిన మేకులా అక్కడే నిలబడ్డాడు. ముందు ఆయన, వెనక మైకమ్మ, మధ్యలో కుర్చీలో అతను. అంత పెద్ద గొంతున్న మనిషి బతుకులో అంతసేపు నోరు మూసుకుని ఉన్నది అదొక్కసారే.

అప్పటికే తల్లి పోలీసు టెంటు చేరింది. పొద్దున పుట్టింటికి పారిపోతూ, జనంలో కలిసిపోవచ్చని సంబరంలోకి వచ్చింది. గేటు దగ్గర మొగుణ్ణి చూసింది. పోలీసు టెంటు ఆ గేటు పక్కనే. తను దొరికినా బిడ్డ దొరక్కూడదని పాపని మైకు గదిలో వదిలి, పశువుల పాకలో గడ్డి వెనక దాక్కుంది. అతను గేటు దగ్గర్నుంచి కదిలాడో లేదో తెలియక అక్కడే ఉండిపోయింది. మైకమ్మ మాట వినగానే దారి ఖాళీ అయిందని అర్థమై, గేటు వైపు పరుగు తీసింది.

ఒక ఆడ కానిస్టేబులూ ఇద్దరు మగ కానిస్టేబుళ్ళూ వచ్చారు. తల్లి వాళ్ళ వెనక ఉంది. మోచేతి నుంచి కిందికి గుడ్డ చుట్టి ఉంది. ఆ గుడ్డ కింద కాలిన మచ్చలని తర్వాత తెలిసింది. పాప బల్ల కింద నుంచి ఒక్క ఉరుకున వెళ్ళి ఆమె నడుము కరుచుకుంది.

సంచి తీయించారు. లోపల కాగితంలో చుట్టిన కొత్త కొడవలి, కొత్త తాడు.

"ఇక్కడే కొన్నాను" అన్నాడతను. "కోతల సంబరంలో కొడవలి కొనడం తప్పా అండీ?"

తప్పు కాదు. పోలీసులకీ ఏం చేయాలో పాలుపోలేదు. కాలిన మచ్చల గురించి తల్లి చేత ఫిర్యాదు రాయించుకుని, ఆ సాయంత్రం అతన్ని స్టేషన్లో కూర్చోబెట్టారు. అతను లోపల ఉండగానే మైకమ్మ తల్లీబిడ్డల్ని బస్టాండుకి తీసుకెళ్ళి, డ్రైవరుకి అప్పజెప్పి, బస్సెక్కించింది. ఆ బస్సు ఎక్కడికి వెళ్తుందో ఆ సాయంత్రం మైకులో ఎవరూ చెప్పలేదు.

వాళ్ళ కథ అక్కడితో తెమిలిందనుకుంది మైకమ్మ. కొన్నాళ్ళకి ఎంక్వైరీ కిటికీ దగ్గర అదే మెత్తటి గొంతు. "నమస్కారమమ్మా. ఆ రోజు మావాళ్ళు ఏ బస్సెక్కారో కాస్త చెప్తారా?" బెయిలు మీద బయటికొచ్చాడు. ఆమె తెలీదంది. "పర్లేదమ్మా, గుర్తొచ్చినప్పుడే చెప్పండి" అని వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. అదే ప్రశ్న, అదే దణ్ణం. ఒకసారి మాత్రం వెళ్ళబోతూ ఆగి, "మీ అమ్మాయి నర్సు కోర్సంటగా, మంచి చదువు" అన్నాడు. ఆ రోజు నుంచీ దర్జీ కొట్టు కట్టేసి రోజూ కాలేజీ గేటు దాకా వెళ్ళి కూతుర్ని తీసుకొచ్చేవాడు.

తర్వాత అతను రావడం మానేశాడు. వచ్చినన్నాళ్ళూ పోతే బాగుండుననుకున్న మైకమ్మకి, రాకపోయేసరికి అన్నం సయించలేదు. ఆ ఆడ కానిస్టేబులుకి ఫోన్ చేసి అడిగించింది. అతని ఇంటికి తాళం. ఎటు వెళ్ళాడో ఇరుగుపొరుగుకి తెలీదు. కేసుకి రావాల్సిన తారీఖుకీ రాలేదు. తల్లీబిడ్డలు మాత్రం క్షేమం. వాళ్ళని అప్పటికే పుట్టింటి నుంచి ఇంకో చోటికి మార్చారట. తల్లికి అక్కడేదో పని దొరికిందట, పాప బడికి వెళ్తోందట. ఎక్కడో కానిస్టేబులు చెప్పలేదు. మైకమ్మ అడగలేదు. తెలియకపోవడమే వాళ్ళకి మంచిదనుకుంది.

మరుసటి ఏడు కూడా కోతల సంబరం జరిగింది. వద్దని కూతురు మొత్తుకున్నా మైకమ్మ వెళ్ళింది. ఇప్పుడామె గౌను రంగు చెప్పదు, వయసు చెప్పదు. "ఒక బిడ్డ మా దగ్గరుంది, తాలూకు వాళ్ళొచ్చి ఆనవాళ్ళు చెప్పాలి" అంటుంది, అంతే. ఆ రోజు ఒకతను రొప్పుకుంటూ వచ్చాడు. ఒక కాలికి చెప్పు లేదు. బెంచీ మీది కుర్రాడు "నాన్నా!" అంటూ ఎగిరి మెడకి చుట్టుకున్నాడు. అయినా ఆమె వదల్లేదు. పేరు, ఊరు, బిడ్డ తల్లి ఎక్కడుంది, అన్నీ అడిగింది.

"నా కొడుకుని నేను తీసుకెళ్ళడానికి ఇన్ని ప్రశ్నలా?" అని మండిపడ్డాడతను.

"తిట్టుకో బాబూ, పర్లేదు. ముందు వాళ్ళమ్మని రానీ."

ఆవిడ వచ్చింది. మొగుడి చొక్కా దుమ్ము దులుపుతూ, కొడుకుని తిడుతూ, మొగుణ్ణి కూడా తిట్టింది. మైకమ్మ అప్పుడు బిడ్డని వదిలింది. ముగ్గురూ రంగులరాట్నం దాటి, గేటు దాటి, కనుమరుగయ్యేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉంది.