ఎడమ చేతి పేక

నవంబరు 12, మంగళవారం, ప్రొద్దుటూరు. ఉన్నవారు: నేను, పక్కింటి దర్జీ, ఆయన భార్య, పులివెందుల నుంచి వచ్చిన బట్టల కొట్టు యజమాని.

ఎండాకాలంలో దర్జీకి పక్షవాతం వచ్చింది. మాట, నడక తిరిగొచ్చాయి. ఎడమ చేతి వేళ్లు మాత్రం రాలేదు. సూది కిందికి గుడ్డను నడిపేది ఆ చెయ్యే. ఇంట్లోని కుట్టు మిషను కొట్టు యజమానిది. దీపావళి దాటేదాకా ఆగుతాననీ, అప్పటికీ కుట్టలేకపోతే తీసుకుపోతాననీ చెప్పాడు.

పేకముక్కలతో వేళ్లకు పని చెప్పమన్నాడు జమ్మలమడుగు డాక్టరు. మా వీధిలో పేకంటే జూదమే. అందుకని ఆయన భార్య, ఇంద్రజాలం నేర్చుకుంటున్నాడని అడగనివాళ్లకు కూడా చెప్పుకొచ్చింది.

ఏది చూసి నేర్చుకోవాలో తేల్చే పని నాకు అప్పగించారు. ఫోన్లో చాలా వీడియోలు చూశాను. ముక్కల్ని విసనకర్రలా విప్పి గాల్లో తిప్పే కుర్రాళ్లవి కంటికి ఇంపుగా ఉంటాయి గానీ, కొత్తవాడికి ఏ వేలు ఎక్కడుందో కనబడదు. చేతులు దగ్గరగా చూపించి, చేసిందే మళ్లీ చేసేవాళ్లు తక్కువ. చివరికి బొమ్మలున్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి, నిదానంగా చెప్పే హిందీ వీడియో ఒకటి ఉంచాను. ప్లాస్టిక్ పేక జారుతుందని అట్ట పేకే కొన్నాను.

మొదటి పాఠం: పేక ఎడమ చేతిలో పట్టి, బొటనవేలితో పైముక్కను ఎదుటివాడికి జరపాలి.

"ఎడం చేత్తో మనిషికి యాడన్నా ఇస్తారా మామా? అందులో పెద్దోనివి" అని నాతో అంటూ దర్జీ పేకను కుడి చేతికి మార్చాడు. అది మర్యాదేనని అందరం ఒప్పుకున్నాం.

దీపావళి దాటింది. మంగళవారం సాయంత్రం యజమాని వచ్చి తీసిన ముక్కను దర్జీ కనిపెట్టాడు. ఒంటి చేత్తో పేకను రెండుగా విడదీసి కలిపాడు.

"ఏంది మామా, కువైట్లో ఉన్నన్నాళ్లూ ఈ పనే చేసినావా?" అన్నాడు యజమాని.

"చేసింటే ఈ రేకుల ఇంట్లో ఎందుకుంటాం?" అంది భార్య.

"వేళ్లు శానా బాగైనాయి. ఇదో కాలరు, ఒక కుట్టెయ్" అని సంచిలోంచి తీసిచ్చాడు యజమాని.

దర్జీ మిషను ముందు కూర్చున్నాడు. ఎడమ చెయ్యి గుడ్డ మీద ఎవరో తెచ్చి పెట్టినట్టుంది. కాలరు పక్కకు పోయి సూది కింద ముద్దయింది. రెండోసారీ అంతే.

భార్య ఆయన కుడి చెయ్యి పట్టుకుని చూసింది. "ఇన్నాళ్లూ ఆడింది ఈ చెయ్యే గదన్నా" అంది నాతో.

యజమాని కాలరు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

మరుసటి ఉదయం మిషను ఆటోలో ఎక్కించుకుపోయారు. నేను వెళ్లేసరికి, మిషను ఉన్నచోట దర్జీ చాప మీద కూర్చుని ఉన్నాడు. భార్య ఆయన ఎడమ చేతిలో పేక పెట్టి వేళ్లు మూస్తోంది.

ఎదురుగా కూర్చుని చెయ్యి చాపాను. "ఆ చేత్తోనే ఇయ్యప్పా."

బొటనవేలు కదల్లేదు. పేక జారి నేలంతా పడింది. ఆమె ఏరి, మళ్లీ అదే చేతిలో పెట్టింది.