లావణ్య మెయిలు ఎందుకు వాపస్ పోయిందంటే

కొన్నేళ్ళుగా ఈ మాట నా గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. అన్నం తింటున్నప్పుడు అడ్డుపడుతుంది. లావణ్య "అక్కా" అని పిలిస్తే మరీ అడ్డుపడుతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి. పేరు చెప్పే ధైర్యమే ఉంటే ఆమెతోనే చెప్పుకునేదాన్ని కదా.

లావణ్య నా తోటికోడలు, మా మరిది భార్య. సిద్దిపేటలో ఒకే ఇల్లు మాది. కింద అత్తమ్మ, వాళ్ళు. పైన మేము. నేను ఎంసీఏ చదివాను. పెళ్ళైన కొత్తలో ఇంటికి ఎవరొచ్చినా అత్తమ్మ నన్ను కిందికి పిలిచి, "మా పెద్దకోడలు, కంప్యూటర్ సదువు సదివింది" అని చూపించేది. సిగ్గుపడినట్టు నటించేదాన్ని గానీ, ఆ మాట ఎంత తియ్యగా ఉండేదో! కొన్నాళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పాను. పాప పుట్టాక మానేశాను. మళ్ళీ వెళ్ళమని ఎవరూ అనలేదు. నిజం చెప్పాలంటే నేనూ గట్టిగా అడగలేదు.

లావణ్య ఇంటర్‌తో ఆపేసింది. కానీ ఆమె చేతి సకినాలు, ఒప్పుకోక తప్పదు, అలాంటివి నేనెక్కడా తినలేదు. నువ్వులు, వాము కలిపిన తడి పిండిని వేళ్ళతో మెలితిప్పుతూ బట్ట మీద చుట్టుకుంటూ పోతుంటే ఒక్క చోట కూడా తెగేది కాదు. నేను చుట్టినవి నూనెలో వేయకముందే విరిగేవి. "నువ్వు లే అక్కడికెళ్ళి, నీకు రాదు గని" అని అత్తమ్మ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ముందు ఇరుగుపొరుగు అడిగారు, తర్వాత పెళ్ళిళ్ళకు అడిగారు, ఆ తర్వాత కొండపాక నుంచి ఇద్దరు ఆడవాళ్ళు రోజూ బస్సులో వచ్చి ఆమె కింద పనిచేయడం మొదలైంది. ఇంటికొచ్చిన వాళ్ళ ముందుకు అత్తమ్మ నన్ను పిలవడం మానేసింది. సకినాల పళ్ళెం తెచ్చేది.

కొమురవెల్లిలో మల్లన్న దర్శనానికి లైన్లో నిలబడి ఉన్నానొకసారి. ముక్కూమొహం తెలియని ఒకామె నన్ను తేరిపార చూసి, "నువ్వు పిండివంటల లావణ్యకు ఏమైతవ్?" అంది. తోటికోడల్ని అన్నాను. నవ్వుతూనే అన్నాను. లోపల మాత్రం భగ్గుమంది. నేను నేనుగా ఎప్పటి నుంచి లేకుండా పోయాను? దేవుడి ముందుకు వెళ్ళాక ఏం మొక్కుకున్నానో కూడా గుర్తులేదు. ఆమె మీద కోపం మాత్రమే గుర్తుంది.

ఒక ఏడు దసరాకు ముందు హైదరాబాద్‌లోని ఒక పెద్ద ఆఫీసు వాళ్ళు దీపావళికి తమ ఉద్యోగులందరికీ సకినాల డబ్బాలు పంచుదామనుకున్నారు. రుచి చూశారు, నచ్చింది. ఒకటే షరతు పెట్టారు. ఆర్డరు మెయిల్లోనే పంపుతాం, అదీ వ్యాపారం పేరు మీద ఉన్న మెయిలుకే పంపుతాం, మామూలు మెయిలు మా ఆఫీసులో చెల్లదు, వాట్సాప్ అసలే చెల్లదు అన్నారు. లావణ్య ఆశంతా దాని మీదే. ఆ ఒక్క ఆర్డరు అందితే బజార్లో కిరాయికి ఒక జాగ తీసుకుని, తన పేరుతో బోర్డు పెట్టుకోవాలని ఆమె కోరిక.

ఆ పని నా దగ్గరికే వచ్చింది. ఇంకెవరి దగ్గరికి పోతుంది? ఒట్టు, ముందు సంతోషమే కలిగింది. ఇంట్లో నా చదువు ఒకరికి అక్కరకొచ్చిందని పొంగిపోయాను. వ్యాపారం పేరు మీద డొమైన్, అంటే ఇంటర్నెట్లో ఒక చిరునామా, కొన్నాను, దానికి మెయిలు కలిపాను, ఆమె ఫోన్లో పెట్టాను. ఆమె మెయిలు నుంచి నాకు ఒకటి పంపి చూశాను. వచ్చింది. నా నుంచి ఆమెకు పంపాను. చేరలేదని వాపస్ వచ్చింది. ఎందుకో వెంటనే అర్థమైంది. బయటి మెయిళ్ళు ఏ చోటికి రావాలో డొమైన్‌కు చెప్పే ఒక వరుస ఉంటుంది. అందులో డొమైన్ అమ్మినవాళ్ళు పెట్టిన పాతదే వదిలేశాను. దాన్ని మార్చడానికి చాయ్ తాగేంత సేపు పట్టదు.

సరిగ్గా అప్పుడే కింద వాకిట్లో అత్తమ్మ పక్కింటామెతో అంటోంది. "పెద్దది సదివి సదివి ఇంట్లనే కూసున్నది. చిన్నది సదవకున్నా ఇల్లు నిలబెట్టింది."

లాప్‌టాప్ మూసేశాను.

రేపు చేద్దాంలే అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను. ఆ రేపును నేనే రానివ్వలేదు. కింద లావణ్య రోజూ ఆ మెయిలు తెరిచి చూసేది. మెయిలు ఇచ్చిన కంపెనీ వాళ్ళు లోపలి నుంచే పెట్టిన స్వాగతం ఒకటి ఉండేది అందులో, దాన్నే మళ్ళీ మళ్ళీ చూసి మురిసేది. మెట్ల మీద నుంచి అది చూస్తూ ఏమనుకున్నానో చెప్పనా? చూసుకో తల్లీ, చూసుకో అనుకున్నాను. అంత మాట నా మనసులో ఎలా పుట్టింది? ఆమె నాకేం అన్యాయం చేసింది? ఎంత తవ్వుకున్నా ఒక్కటీ దొరకదు.

తర్వాత ఒకరోజు పిండి చేతులతోనే పైకి వచ్చింది.

"అక్కా, గా హైదరాబాద్ మేడమ్ ఫోన్ చేసింది. ఆర్డరు మెయిలు పెడితే వాపస్ వచ్చిందట. మల్ల పెట్టినా గట్లనే అయిందట. మనదాంట్ల ఏమన్న గడబిడ ఉన్నదా, జర చూడరాదు."

అప్పుడైనా చెప్పొచ్చు. మరిచిపోయానే, ఇప్పుడే సరిచేస్తా అంటే అయిపోయేది. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనేది కాదు. కానీ నా నోట వచ్చింది ఇది:

"మనదాంట్ల ఏం లేదు. వాళ్ళ దిక్కే ఏదో ఉంటది."

"నిజమేనా అక్కా? గంత పెద్ద ఆఫీసు..."

"పెద్ద ఆఫీసైతే తప్పు కాదా? ఇగో, నీ మెయిల్లకెళ్ళి నాకొకటి పంపు."

పంపింది. నా ఫోన్ మోగింది. పంపేది పోతుందని నాకు తెలుసు, వచ్చేదే రాదు. ఆమెకు తెలియదు.

"చూసినవా? మంచిగనే ఉన్నది."

"అబ్బ, బతికిచ్చినవ్ అక్కా! నేనే ఏమన్న గలత్ చేసిన్నేమోనని పరేషాన్ అయిన."

నా ముందే ఆ మేడమ్‌కు ఫోన్ చేసింది. "మాది మంచిగనే ఉన్నది మేడమ్. మా అక్క చూసింది. మా అక్క ఎంసీఏ సదివింది. మీ దిక్కే ఒక్కసారి చూపిచ్చుకోండ్రి" అంది. నా చదువు గురించి అంత గర్వంగా అత్తమ్మ కూడా ఎన్నడూ చెప్పలేదు. అవతలామె ఏమందో నాకు వినబడలేదు. లావణ్య మొహం మాత్రం చిన్నబోయింది. తమ కంప్యూటర్ వాళ్ళకే నేర్పుతున్నావా అని గట్టిగా కసురుకుందట. ఆ ఆర్డరు ఇంకెవరికో పోయింది. ఆమె అప్పటికే బియ్యం నానబెట్టించింది, నువ్వులు తెప్పించింది. కొండపాక వాళ్ళకు పని ఉందని మాటిచ్చింది.

ఆ సాయంత్రమే ఆ వరుస మార్చేశాను. ఎందుకు? అప్పటికి నా కడుపు చల్లబడింది కాబట్టా, భయం వేసిందా? రెండూ అనుకుంటాను. ఆ తర్వాత మెయిలు చక్కగా పనిచేసింది. రాసేవాళ్ళే లేరు.

ఆమె దుకాణం మాట మళ్ళీ ఎత్తలేదు. కొత్తవాళ్ళ ఆర్డర్లు ఒప్పుకోవడం కూడా మానేసింది. ఆడవాళ్ళిద్దరూ వేరే పనికి వెళ్ళిపోయారు. ఇప్పుడు లావణ్య ఒక బట్టల దుకాణంలో బిల్లు కౌంటర్ దగ్గర కూర్చుంటోంది. నేను గెలిచానా? ఆమె సకినాలు చుట్టడం మానేసినా నా చదువు నా దగ్గరే మూలన పడి ఉంది. వచ్చినవాళ్ళకు చూపించడానికి అత్తమ్మకు ఇప్పుడు ఇద్దరు కోడళ్ళ దగ్గరా ఏమీ లేదు.

ఇంతవరకైతే ఎలాగో మింగేసేదాన్ని. మొన్న మా ఆడబిడ్డ వచ్చి, "అంత మంచి యాపారం ఎందుకిడిసిపెట్టినవ్ వదినా?" అని ఆమెను అడిగింది. నేను అక్కడే చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. లావణ్య తల వంచుకుని అంది: "అక్క అంతా మంచిగనే చేసిచ్చింది. నాకే పెద్దోళ్ళతోని మాట్లాడ రాలే. నా నోరే నన్ను ముంచింది."

ఇన్నేళ్ళూ ఆమె అలా అనుకుంటూ బతికిందన్నమాట. దుకాణంలో కూడా గట్టిగా అడిగే గిరాకీ వస్తే పక్కనున్న పిల్లకు అప్పగించి తప్పుకుంటుందట. ఫోన్లో కొత్త గొంతు వినిపిస్తే మా మరిదికి ఇచ్చేస్తుంది. వ్యాపారం ఒక్కటే పోయిందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆమె నోరు కూడా తీసేసుకున్నానని మొన్నే తెలిసింది.

లావణ్యా, నీకు మాట్లాడటం వచ్చు. ఆ రోజు నువ్వు ఫోన్లో ఒక్క మాట కూడా తప్పు అనలేదు. నేను చెప్పిందే తప్పు, కావాలనే చెప్పాను. నీ మీద కళ్ళలో నిప్పులు పోసుకుని చెప్పాను.

ఈ మాటలు ఆమె ఎదురుగా అనాలి. ఇంకా అనలేదు, ఎప్పుడంటానో తెలియదు, అన్నాక ఆమె నన్ను అక్కా అని పిలుస్తుందో లేదో తెలియదు. ఈ రోజుకు నోరైతే తెరిచాను.