ఖాళీని సున్నా అనుకునే భాష

నీళ్ళ సరఫరా ఆఫీసు రెండో అంతస్తులో, జిరాక్స్ మిషన్ పక్కనున్న బల్ల ఆమెది. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల. పంపుహౌసుల్లో పనిచేసేవాళ్ళు ఆమెని సున్నా అక్క అంటారు. ముద్దుగానే పెట్టారు ఆ పేరు.

ఒకప్పుడు పంపుల్ని నడిపే ప్రోగ్రాంలు బయటి ఇంజనీర్లు రాసేవాళ్ళు. ఫలానా వేళకి మోటారు ఆపాలన్న చిన్న మార్పుకి కూడా నెల రోజులు వాళ్ళ కాళ్ళావేళ్ళా పడాలి. ఆ బాధ పడలేక, పంపు దగ్గరుండే మనిషే రాసుకోగలిగేలా ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారుచేయమని పై అధికారి ఆమెకి పురమాయించాడు. ముప్పై మాటలతో సరిపెట్టింది. పెద్ద భాషల హంగులన్నీ తీసి పారేసింది. నేర్చుకోవడానికి రెండు రోజులు చాలు. ఒక్క విషయంలో మాత్రం పట్టుదలకి పోయింది. సెన్సర్ నుంచి అంకె రాకపోతే ప్రోగ్రాం అక్కడికక్కడ ఆగిపోవాలి. తెలియనప్పుడు తెలియదని ఒప్పుకోవడమే మర్యాద అని ఆమె నమ్మకం.

మర్యాద బాగానే ఉంది గానీ ఆపరేటర్ల తలప్రాణం తోకకొచ్చింది. పంపు ఆగిన ప్రతిసారీ రిజిస్టరులో సంజాయిషీ రాయాలి. మూడో పంపుహౌసులో ఆపరేటరుగా ఉన్న ఆమె తమ్ముడు ఒకరోజు ఇంటికొచ్చి మరీ దెబ్బలాడాడు.

"అక్కా, నీ భాషకి చీటికీమాటికీ అలకేంటే? తీగ కాస్త వదులైతే చాలు, మూతి ముడుచుకుని కూర్చుంటుంది. అంకె రాకపోతే సున్నా అనుకుని పోవచ్చు కదా!"

"తెలియకపోవడం, సున్నా ఒకటి కాదురా."

"నువ్వు ఫ్యాను కింద కూర్చుని ఎన్నయినా చెప్తావు. సంజాయిషీ రాసేది నేను."

తమ్ముడి మాట ఆమె ఏనాడూ తీసెయ్యలేదు. వారం తిరక్కుండా మార్చేసింది. అంకె రాకపోతే సున్నా, పని మాత్రం ఆగదు. ఆపరేటర్లు ఆమెని నెత్తిన పెట్టుకున్నారు. వదులైన తీగలు వదులుగానే ఉండిపోయాయి. "సున్నా వేసుకుంటుందిలే" అనేది పంపుహౌసుల్లో ఊతపదమైపోయింది. ఈ సంగతి ఆమె చెవిన పడకపోలేదు. నవ్వి ఊరుకుంది.

మూడు నెలల కిందట ఒకరోజు పొద్దున, నీళ్ళలో కలిపే క్లోరిన్ సిలిండర్లుండే గదిలో, తమ్ముడు గ్యాస్ సెన్సర్‌కి పట్టిన దుమ్ము తుడుద్దామని తీగ తీశాడు. ఇంతలో ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ బయటికెళ్ళాడు, తీగ తగిలించడం మరిచాడు. భోజనం వేళకి సిలిండర్ లీకైంది. సెన్సర్ నుంచి అంకె రాలేదు. భాష సున్నా అనుకుంది. గ్యాస్ సున్నా కాబట్టి తలుపు మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. ఆ లైటు నమ్మి తమ్ముడు లోపలికి వెళ్ళాడు. ప్రాణంతో బయటికి రాలేదు.

రెండు వారాలకి ఆమె ఆఫీసుకొచ్చింది. ఎప్పుడు భోరుమంటుందా అని అందరూ కనిపెట్టుకుని ఉన్నారు. ఆమెకి ఏడుపు రాలేదు. అన్నం తినేది, రుచి తెలిసేది కాదు. టీ తాగితే వేడిగా ఉందని మాత్రం తెలిసేది. ఎవరైనా ఓదారిస్తే, వాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగి, కంప్యూటర్ వైపు తిరిగేది.

విచారణ రిపోర్టు వచ్చింది. కారణం: ఆపరేటర్ అజాగ్రత్త. భాష తయారుచేసిన మనిషిగా ఆమె సంతకం కావాలి.

"తీగ తీసింది ఆయనేగా మేడం" అన్నాడు అధికారి, ఆమె మొహంలోకి చూడలేక. "ఉన్నదే రాశాం. మీరు సంతకం పెడితే ఫైలు మూసేస్తాం."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. సంతకం పెడితే అంతటితో అయిపోతుంది. పెళ్ళి చేసుకోని ఆమెకి ఉన్న నా అన్నవాళ్ళు తమ్ముడి భార్య, వాళ్ళ పాప. ప్రతి ఆదివారం వాళ్ళింట్లోనే భోజనం. కిందటి ఆదివారం మరదలు వడ్డిస్తూ అడిగింది. "వదినా, ఆయన అంత అజాగ్రత్త మనిషా? మీ నాన్న తప్పేనటగా అని బళ్ళో పాపని అడుగుతున్నారట." ఆమె కంచంలో చెయ్యి కడిగేసుకుంది. నోరు విప్పితే ఈ ఇల్లు పోతుంది. విప్పకపోతే వాడి పేరు మీద మచ్చ అలాగే ఉండిపోతుంది.

సంతకం పెట్టకుండా ఒక కాగితం జతచేసింది. "తీగ తీసింది ఆపరేటర్. అంకె రాకపోతే సున్నా అనుకోమని భాషకి చెప్పింది నేను. అది ఆగిపోయి ఉంటే పచ్చ లైటు ఆరిపోయేది, అతను లోపలికి వెళ్ళేవాడు కాడు." అధికారి తల పట్టుకున్నాడు గానీ, కాగితం చింపెయ్యలేదు.

భాషని మళ్ళీ మార్చింది. మార్పు అమలైన పొద్దున నలభై ఒక్క పంపులు ఆగిపోయాయి. మధ్యాహ్నం దాకా సగం ఊళ్ళో కుళాయిలు ఎండిపోయాయి. నెత్తిన పెట్టుకున్న ఆపరేటర్లే ఫోన్లో దుమ్మెత్తి పోశారు. "తీగ చూడండి" అని అందరికీ ఒకే జవాబు చెప్పింది. ఏడుచోట్ల క్లోరిన్ గదుల్లోనే తీగలు ఊడి ఉన్నాయి. ఆ లెక్క విన్నప్పుడైనా గుండె ఝల్లుమనాలి. అనలేదు.

సాయంత్రం ఆ కాగితం నకలు తీసుకుని మరదలి దగ్గరికి వెళ్ళింది. మరదలు నిలబడే రెండుసార్లు చదివింది.

"అయితే ఆయన తప్పు కాదన్నమాట!" మొహం తేటపడింది. మళ్ళీ కాగితం వంక చూసింది. "మీదన్నమాట."

"అవునమ్మా."

"ఆగిపోయేలా చెయ్యడం మీకు చేతకాదా?"

"చేతనవును. ముందు అలాగే ఉండేది."

"అంటే, చేతనయ్యుండీ మార్చారా? ఎందుకు మార్చారు వదినా? ఎవరడిగారు మిమ్మల్ని?"

మూడు నెలల్లో మొదటిసారి ఆమెకి ఏడుపొచ్చింది. పక్కనే నిలబడ్డ పాప వైపు చూసి దిగమింగింది.

"ఎవరూ అడగలేదు. నాకే తోచింది."

మరదలు కాగితాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టింది. పాపని లోపలికి వెళ్ళమంది.

"ఇక ఆదివారాలు రాకండి వదినా" అంది.