నట్టు యాడ పట్టుకునేదమ్మా?

తిరుపతిలో ఒక చిన్న డిజైన్ ఆఫీసులో ఇంజనీరుగా చేరిన కొత్తలో జరిగిందిది. నగరి దగ్గర ఒక వాగు మీద కాలినడక వంతెన కడుతున్నారు. ఇనుప గొట్టాలతో రెండు సగాలుగా తయారుచేసి, లారీల్లో తెచ్చి, వాగు దగ్గరే బోల్టులతో కలపాలి. ఆ అతుకు డిజైన్ చేసింది నేనే.

కలిపే రోజు ఉదయం రెండు క్రేన్లు రెండు సగాలనూ ఎత్తి పట్టుకున్నాయి. పైకెక్కిన ఫిట్టర్ మునిరత్నం బోల్టు దూర్చి, ఆగిపోయి, నావైపు చూశాడు.

"బోల్టు దూరిందిలే, లోపల నట్టు యాడ పట్టుకునేదమ్మా? గొట్టంలోకి చెయ్యి పోదే!"

బోల్టు ఎంత బరువు ఆపుతుందో పదిసార్లు లెక్క చూశాను గానీ, దాన్ని బిగించే మనిషి గురించి ఆలోచించలేదు. వాగు దాటడానికి వచ్చి గట్టు మీద ఆగిన జనమంతా నన్నే చూస్తున్నారు. చివరికి "దించేయండన్నా" అని నేనే చెప్పాల్సి వచ్చింది.

చీరల మూట నెత్తిన పెట్టుకున్న నేతపని చేసే ఒకామె, "ఈ పొద్దన్నా కాళ్లు తడవకుండా పోదామనుకుంటిమి గదా పాపా!" అని, కుచ్చిళ్లు ఎత్తి కట్టుకుని నీళ్లలోకి దిగింది.

బయటి నుంచే బిగించే కొత్త అతుకు తయారై, వంతెన నిలబడేసరికి నెల పట్టింది. ఆ నెలలో వాన పడ్డ ప్రతిసారీ వాళ్లెలా దాటుతున్నారోనని అల్లాడిపోయాను. నా తప్పుకు తడిసింది వాళ్లు. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది.