ముప్పై ఏళ్ల స్కాచ్, పాత సందూక

ఎవరితోనైనా నాలుగు మాటలు కలుస్తాయని విస్కీ క్లబ్బులో చేరాను. ఈ సాయంత్రం శంషాబాద్ హోటల్లో ముప్పై ఏళ్ల స్కాచ్ పోశారు. తాగేముందు వాసన చూసి, ఏం గుర్తొచ్చిందో ఒక్కొక్కరూ చెప్పాలి. తేనె అన్నారు, ఆపిల్ అన్నారు. నేను "మా కాన్వెంట్ లైబ్రరీ బీరువా" అన్నాను. పక్కాయన వెంటనే తన వంతు అందుకున్నారు.

అందరూ వెళ్లాక, గ్లాసులు తీసే ఆమె నా ఖాళీ గ్లాసు వాసన చూసింది.

"ఏంది మేడం, మా అవ్వ బట్టల సందూక పెట్టె తెరిసినట్టే ఉన్నది!"

"నేనూ పాత బీరువా అనే చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు."

"ఆళ్లింట్ల సందూక ఏడుంటది మేడం!"

ఇద్దరం నవ్వాం. క్లబ్బులో నాతో మాట్లాడింది ఆమె ఒక్కతే, ఆమేమో సభ్యురాలు కాదు.

మీ ఇంటి పాత బీరువా ఎలాంటి వాసన వేసేది? రాయండి. ఒక్కటీ వదలకుండా చదువుతాను.