ముగ్గురి యాట్‌లో మొదటి వంతు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది ఏప్రిల్‌లో భవానీపురం దగ్గర కృష్ణలో కట్టి ఉన్న ఒక యాట్‌ను చూసి రిపోర్టు ఇమ్మని నన్ను పంపారు. అప్పుడు నేను ఒక ప్రైవేటు సర్వే సంస్థ విజయవాడ శాఖలో సీనియర్ బోటు సర్వేయర్‌ని. యాట్ అంటే సరుకుకీ, చేపలవేటకీ కాకుండా విలాసం కోసం కట్టించుకునే నౌక. ఇందులో రెండు ఏసీ గదులు, చిన్న వంటిల్లు, టేకు పరిచిన విశాలమైన డెక్కు ఉన్నాయి. సొంతదారు అమ్మేస్తానంటున్నాడు. ముగ్గురు మిత్రులు సమాన వాటాలతో కొనాలనుకుంటున్నారు. నౌక గట్టిదేనా, ముగ్గురూ కలిసి కొనడం మంచిదేనా అనే రెండు ప్రశ్నలకూ వాళ్లకు జవాబు కావాలి.

నేను ఇంజనీరింగ్ చదవలేదు. వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేరి, సాయంత్రాలు శాఖా గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని నౌకానిర్మాణం పుస్తకాలు చదివి, పరీక్షలు రాసి సర్వేయర్నయ్యాను. ఉమ్మడి వాటాల సంగతి వినగానే మళ్లీ ఆ గ్రంథాలయానికే వెళ్లాను. ఇంగ్లండులో ఒక ఓడ మీద హక్కును అరవై నాలుగు వాటాలుగా లెక్కించడం పాత పద్ధతి అని అక్కడ చదివి, మర్నాడు ఉత్సాహంగా వాళ్లకు చెప్పాను.

“అరవై నాలుగు మందా? మా ముగ్గురికే తెల్లారిపోతోందండీ” అన్నారు సాంబశివరావు గారు.

ఆయనా, కోటేశ్వరరావు గారూ, దేవసహాయం గారూ చిన్ననాటి స్నేహితులు. గన్నవరం అవతల ఒకే పిల్లకాలువ కింద ముగ్గురి పొలాలూ వరసగా ఉండేవి. ముందు కోటేశ్వరరావు గారిది, మధ్యలో సాంబశివరావు గారిది, శివారున దేవసహాయం గారిది. నీటి ఎద్దడి వచ్చినప్పుడు వంతులు పెట్టుకుని తడులు పెట్టేవారు. చివరి వంతు ఎప్పుడూ దేవసహాయం గారిదే. ఆయన దాకా నీళ్లు చేరేసరికి కాలువ సన్నబడేది. ఇప్పుడా పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. కోటేశ్వరరావు గారికి రైసు మిల్లుంది, సాంబశివరావు గారికి హోటలుంది. దేవసహాయం గారు లెక్కల లెక్చరర్‌గా రిటైరై గుణదలలో ఉంటున్నారు.

మొదటి రెండు రోజులూ నౌక పరీక్షకే సరిపోయాయి. ఫైబర్ ఒంటిని చిన్న ప్లాస్టిక్ సుత్తితో జానెడు జానెడుకీ తట్టి వింటాం. పొరలు కలిసి ఉంటే గట్టిగా పలుకుతుంది, విడిపోతే మొద్దుగా వినిపిస్తుంది. ఎక్కడా మొద్దు శబ్దం రాలేదు. ఇంజన్లూ బాగానే ఉన్నాయి. నౌక అడుగు నీళ్లలోకి ఎంత లోతు దిగుతుందో దాన్ని డ్రాఫ్ట్ అంటాం. దీని డ్రాఫ్ట్ నదిలో తిరిగే మామూలు బోట్ల కంటే ఎక్కువ. అది మాత్రం రాసుకున్నాను.

మూడో రోజు వాడకం వంతులు అడిగాను. కోటేశ్వరరావు గారు మీసం దువ్వుకుంటూ చెప్పారు. ఏడాదిని మూడు భాగాలు చేశారట. లెక్క జూన్‌లో మొదలు, అంటే కాలువలకు నీళ్లొదిలే నెల. “ఇన్నేళ్లూ వీడు మా వెనక నీళ్లే తాగాడు. అందుకని ఈసారి మొదటి వంతు సహాయానిదే. ఇది మాత్రం మేమిద్దరం తేల్చేశాం” అన్నారు. సాంబశివరావు గారు దేవసహాయం గారి వీపు చరిచారు. దేవసహాయం గారు నవ్వారు.

కాలువలో మొదటి వంతు మంచిది. నదిలో కాదు. జూన్‌లో ఎగువన ఇసుక మేటలు బయటపడి ఉంటాయి, ఈ డ్రాఫ్ట్‌తో వాటిని దాటలేం. మేటలు మునిగాయనుకునేలోపే వరద మొదలవుతుంది. బ్యారేజి గేట్లెత్తారంటే బోట్లన్నీ ఆపేస్తారు. ఆయన వంతు నాలుగు నెలలూ నౌక కట్టిన చోటే ఉంటుంది.

దేవసహాయం గారిని పక్కకు పిలిచి ఈ సంగతి చెప్పబోయాను. ఆయనకు అప్పటికే తెలుసు. భార్య కరుణమ్మ గారి పుట్టిల్లు అమరావతి వైపు ఏటి మధ్య లంక. తుంటి ఆపరేషన్ అయ్యాక ఆవిడ మామూలు పడవ ఎక్కలేకపోతున్నారు. లంకను మళ్లీ నీళ్ల మీద నుంచి చూడాలని ఆవిడ కోరిక. ఈ నౌకకు వెడల్పాటి మెట్ల వంతెన ఉండబట్టే ఆయన వాటాకు ఒప్పుకున్నారు.

“అయినా వాళ్ల ముందు ఆ మాట అనకండి. నాకు ముందు వంతిచ్చామని ఎంత సంబరపడుతున్నారో చూశారుగా. కాదనడానికి నోరు రాలేదండీ” అన్నారు.

సర్వేయర్ నది సంగతి దాచకూడదు. మీ పేరెత్తను, నది గురించి మాత్రం చెబుతానని ఆయనకు మాటిచ్చాను.

మర్నాడు డెక్కు మీద అందరినీ కూర్చోబెట్టి రిపోర్టు చదివాను. కరుణమ్మ గారు కూడా చేతికర్రతో మెట్ల వంతెన మీదుగా నెమ్మదిగా ఎక్కివచ్చారు. నౌక గట్టిది. ఖర్చు ఏడాది పొడుగునా ఉంటుంది, వాడకం మాత్రం నవంబరు నుంచి మార్చి దాకానే, ఆపైన నీళ్లు తగ్గి మేటలు తేలతాయి. జూన్ నుంచి వరద తగ్గేదాకా కట్టేసి ఉంచాల్సిందే. ఈ మాట దగ్గర కోటేశ్వరరావు గారు చెయ్యెత్తి నన్ను ఆపారు.

“జూన్ నుంచా? మరి సహాయం వంతు?”

దేవసహాయం గారు కండువా సర్దుకుని, “నాకేం తొందర్లేదు లేరా” అన్నారు.

“మీకు లేదేమో. నాకుందండీ” అన్నారు కరుణమ్మ గారు.

ఆవిడ తన కోరిక చెప్పారు. ఎవరినీ తప్పుపట్టలేదు. కోటేశ్వరరావు గారు తల దించుకుని విన్నారు. “ముందే చెప్పొచ్చుగా సహాయం” అన్నారు చివరికి. సాంబశివరావు గారు మాత్రం, “ఇన్నేళ్లకి వీడికి ముందు నీళ్లిద్దామనుకుంటే ఏకంగా వరదే ఇచ్చాం గదరా” అన్నారు. అందరికంటే ముందు నవ్వింది కరుణమ్మ గారే.

ఆ రోజే షరతులు మార్చి రాశాను. కట్టేసి ఉంచే నెలల ఖర్చు ఉమ్మడి. నది తిరగనిచ్చే నెలలు వారాల లెక్కన ముగ్గురికీ. ఏటా వరస ఒక మెట్టు జరగాలి. మొదటి ఏడాది నవంబరు తొలి వారం దేవసహాయం గారిది. ముగ్గురూ వాటాలు కొన్నారు. ఆ వారం నన్నూ రమ్మన్నారు. డ్రాఫ్ట్ ఎక్కువ కాబట్టి లంకకు కొంత దూరంలోనే లంగరు వేయాల్సివచ్చింది. కరుణమ్మ గారు రెయిలింగు పట్టుకుని నిలబడి గట్టు మీద ఇళ్లను ఒక్కొక్కటీ గుర్తుపట్టి పేర్లు చెప్పారు. కొన్ని తప్పయి ఉండొచ్చు. దేవసహాయం గారు సరిదిద్దలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఉమ్మడి వాటాల కేసు ఏది వచ్చినా సుత్తి తీయకముందే ఒక పని చేసేవాణ్ణి. ఎవరికి ఏ రోజులు కావాలో ఒక్కొక్కరినీ విడిగా అడిగేవాణ్ణి. అందరూ ఒకచోట కూర్చున్నప్పుడు అడిగితే, స్నేహితులు ఎదుటివాడికి నచ్చేదే చెబుతారు. దాన్నిబట్టి రాసిన ఒప్పందం మొదటి వరదకే పనికిరాకుండా పోతుంది.